ప్రోగ్రాముల మధ్య మాటకు మధ్యలో సర్వర్ తప్పనిసరా?

ఒక సాఫ్ట్‌వేర్ ఇంకో సాఫ్ట్‌వేర్‌కి ఏదైనా చెప్పాల్సి వస్తే చాలు, మధ్యలో ఒక మెసేజ్ సర్వర్ పెట్టేయడం ఇప్పుడు అలవాటైపోయింది. రెండు కంప్యూటర్లు, నాలుగు ప్రోగ్రాములు ఉన్న చోట కూడా మీటింగ్‌లో మొదట వినిపించే పేరు కాఫ్కా, లేకపోతే రాబిట్‌ఎంక్యూ. అవి చెడ్డవని నేను అనను. వాటి మీద పనిచేశాను, అవసరమైతే మళ్లీ చేస్తాను. కానీ చిన్న వ్యవస్థల్లో వాటికంటే ముందు ఒక తేలికపాటి లైబ్రరీని (మన ప్రోగ్రాంలో కలిపి వాడుకునే రెడీమేడ్ కోడ్‌ని), ముఖ్యంగా జీరోఎంక్యూని, చూడాలని గట్టిగా నమ్ముతాను. దానికి నా కారణం వేగమో ఖర్చో అనుకుంటారు చాలామంది. నా కారణం వేరు. ఆ లైబ్రరీ వాడితే ప్రతి మెసేజ్ గురించీ "ఇది పోతే ఏమవుతుంది?" అనే ప్రశ్నకు మనమే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. మధ్యలో పెద్ద సర్వర్ ఉంటే ఆ ప్రశ్న అడగకుండానే కోడ్ రాసేయొచ్చు, అడగలేదన్న సంగతి సిస్టమ్ పడిపోయిన రోజు తెలుస్తుంది.

ముందు ఈ లైబ్రరీ చేసే పని చెప్తాను. రెండు ప్రోగ్రాములు నెట్‌వర్క్ మీద మాట్లాడుకుంటే అడుగున సాధారణంగా టీసీపీ అనే నెట్‌వర్క్ ప్రోటోకాల్ ఉంటుంది. టీసీపీకి మెసేజ్ అంటే ఏమిటో తెలియదు, దానికి తెలిసింది బైట్ల వరస ఒక్కటే. ఇటు నుంచి మూడు మెసేజ్‌లు విడివిడిగా పంపితే అటు ఒకేసారి రెండున్నర రావచ్చు, మిగతా సగం కాసేపటికి రావచ్చు. మన మెషీన్‌లోనే టెస్ట్ చేసుకున్నప్పుడు చిన్న మెసేజ్‌లు దాదాపు ఎప్పుడూ ముక్కలు కాకుండా వస్తాయి కాబట్టి ఈ తప్పు కనిపించదు. అసలు నెట్‌వర్క్ మీదికి వెళ్లాక, అదీ ఎప్పుడో ఒకసారి, బయటపడుతుంది. దీనికి తోడు అవతలి ప్రోగ్రాం ఇంకా మొదలవకపోతే కనెక్షన్ దొరకదు, మధ్యలో ఆగిపోతే కనెక్షన్ తెగుతుంది. ఎక్కడ మెసేజ్ మొదలై ఎక్కడ ముగిసిందో తేల్చే కోడ్, తెగినప్పుడు మళ్లీ కలిపే కోడ్, పంపాల్సినవి వరసలో పెట్టుకునే కోడ్ అన్నీ మనమే రాసుకోవాలి. చాలా ఆఫీసుల్లో ఎవరో ఒకరు ఇది సొంతంగా రాసి ఉంటారు, వాళ్లు ఉద్యోగం మారాక దాన్ని ముట్టుకోవడానికి అందరూ భయపడతారు.

జీరోఎంక్యూ ఈ చాకిరీ అంతా తన మీద వేసుకుంటుంది. పంపిన మెసేజ్ అవతలికి మొత్తంగా చేరుతుంది, లేదా అసలు చేరదు. సగం చేరడం అనేది ఉండదు. రెండు ప్రోగ్రాముల్లో ఏది ముందు స్టార్ట్ అయినా ఫర్వాలేదు. కనెక్షన్ తెగితే వెనకాల తనే మళ్లీ కలుపుకుంటుంది, డిఫాల్ట్‌గా 100 మిల్లీసెకన్ల విరామంతో ప్రయత్నిస్తూ ఉంటుంది. ఇదంతా మన ప్రోగ్రాంలోనే కలిసిపోయి ఉంటుంది. విడిగా ఇన్‌స్టాల్ చేసి, స్టార్ట్ చేసి, కాపలా కాయాల్సిన సర్వర్ ఏదీ లేదు.

అది ఇచ్చే సాకెట్లకు, అంటే ప్రోగ్రాం మెసేజ్‌లు పంపే, అందుకునే ద్వారాలకు, ఒక్కోదానికి ఒక్కో స్వభావం ఉంటుంది. పబ్ సాకెట్ తన మాట తను చెప్పుకుంటూ పోతుంది, కావాల్సినవాళ్లు సబ్ సాకెట్‌తో వింటారు, ఎవరూ వినకపోయినా దానికి పట్టింపు లేదు. పుష్ సాకెట్ పనిని వరసగా పంచుతుంది, పుచ్చుకునేవాళ్లు లేకపోతే ఆగి ఎదురుచూస్తుంది. రిక్వెస్ట్ సాకెట్ ఒకటి అడిగాక జవాబు వచ్చేదాకా ఇంకోటి అడగదు. వినేవాడు వెనకబడితే మెసేజ్ పారేయాలా, పంపేవాడు ఆగాలా అన్నది మనం సాకెట్ ఎంచుకున్నప్పుడే తేలిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఈ పేర్లను బట్టీపట్టి, ఈ తేడాను వదిలేస్తారు. నా దృష్టిలో తేడాయే ముఖ్యం.

ఈ లైబ్రరీ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే నా వాదన ఇంకొంచెం బలపడుతుంది. 2003లో జేపీ మోర్గాన్ చేజ్ బ్యాంకులో జాన్ ఓహారా గారు ఏఎంక్యూపీ అనే మెసేజింగ్ ప్రోటోకాల్‌కి శ్రీకారం చుట్టారు. బ్యాంకు సిస్టమ్‌లు ఒక్కో కంపెనీ అమ్మే ఒక్కో మెసేజింగ్ సాఫ్ట్‌వేర్‌కి కట్టుబడిపోకుండా అందరికీ ఒకే భాష ఉండాలన్నది ఆలోచన. దాని తొలి ప్రోటోకాల్ పత్రాలు, ఓపెన్ఏఎంక్యూ అనే బ్రోకర్ (మధ్యలో ఉండే మెసేజ్ సర్వర్) రాసింది బెల్జియంకి చెందిన ఐమ్యాటిక్స్ అనే చిన్న కంపెనీ. దాని అధిపతి పీటర్ హింట్‌జెన్స్ గారు. అదే కంపెనీలో 2007లో మార్టిన్ సుస్ట్రిక్ గారితో కలిసి జీరోఎంక్యూ మొదలైంది. 2010లో హింట్‌జెన్స్ గారు ఏఎంక్యూపీ బృందం నుంచి తప్పుకుంటున్నామని, ఆ ప్రోటోకాల్ 1.0 వెర్షన్‌కి సపోర్ట్ ఇవ్వమని, దానికంటే చాలా సరళమైన జీరోఎంక్యూ వైపే ఉంటామని ప్రకటించారు. బ్రోకర్ గురించి పుస్తకాల్లో చదివి విమర్శించినవాళ్లు కాదు వాళ్లు. స్వయంగా బ్రోకర్ రాసి, బ్యాంకులో నడిపి, ఆ తర్వాత మధ్యవర్తి లేని దారి పట్టారు.

ఇక నేను చూసిన చోటికి వస్తాను. నల్గొండ జిల్లా మిర్యాలగూడ రైస్ మిల్లులకు పేరున్న ఊరు. అక్కడ ఒక మిల్లులో వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్ పని చేశాను. ధాన్యం లారీ కాటా ఎక్కుతుంది, నిండు బరువు తీస్తారు. సరుకు దించాక ఖాళీ బండి బరువు తీస్తారు. రెండింటి తేడాయే నికర బరువు, దాని మీదే డబ్బు లెక్క. కాటా కింద ఉన్న లోడ్‌సెల్స్ (బరువు కొలిచే సెన్సర్లు) నుంచి బరువు ఇండికేటర్ పెట్టెకి వస్తుంది. ఆ పెట్టె సీరియల్ కేబుల్ ద్వారా కాటా గదిలోని కంప్యూటర్‌కి సెకనుకి దాదాపు 10 సార్లు బరువును పంపుతూనే ఉంటుంది.

సమస్య ఎక్కడంటే, విండోస్‌లో ఒక సీరియల్ పోర్ట్‌ని ఒక సమయంలో ఒకే ప్రోగ్రాం తెరవగలదు. అంతకుముందున్న బిల్లింగ్ ప్రోగ్రాం ఆ పోర్ట్‌ని పట్టుకుని కూర్చునేది. బయట రైతుకీ డ్రైవర్‌కీ కనిపించేలా పెద్ద స్క్రీన్ పెట్టాలి, తూకం తీసిన క్షణంలో లారీ ఫోటో తీయాలి, ఆఫీసు గదిలో బరువు కనిపించాలి. వీటిలో ఏ ప్రోగ్రాంకీ పోర్ట్ దొరకదు. దానికి అప్పటిదాకా నడిచిన ఏర్పాటు ఏమిటంటే, బిల్లింగ్ ప్రోగ్రాం ఒక షేర్డ్ ఫోల్డర్‌లో టెక్స్ట్ ఫైల్ రాస్తుంది, మిగతావి ప్రతి సెకనూ వెళ్లి దాన్ని చదువుతాయి. రాస్తుండగా చదివితే సగం అంకె వస్తుంది. 28640 కిలోలు 286గా కనబడుతుంది. కాటా ఆపరేటర్ నాకు మొదటి రోజే చెప్పాడు: "అన్నా, బయట బోర్డు మీద ఒకటి, లోపల ఒకటి కనిపిస్తే రైతు ఊకుంటడా? పెద్ద గొడవైతది." రైతు కళ్ల ముందు తూకం సరిగ్గా కనిపించడం అక్కడ సాఫ్ట్‌వేర్ సొగసుకి సంబంధించిన విషయం కాదు, నమ్మకానికి సంబంధించినది.

ఇక్కడ కాఫ్కా పెడదామంటే ఎవరు చూసుకుంటారు? కాటా గదిలో ఉన్నది పాత డెస్క్‌టాప్, 4 జీబీ ర్యామ్. కరెంటు పోయి వస్తే అన్నీ వాటంతట అవే లేవాలి. సర్వర్ లేవలేదంటే ఫోన్ నాకు వస్తుంది, అప్పటికి గేటు బయట లారీలు బారులు తీరి ఉంటాయి.

అందుకని పోర్ట్‌ని చదవడమే పనిగా ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. అది ఇండికేటర్ పంపిన ప్రతి బరువునీ పబ్ సాకెట్ మీద ప్రకటిస్తుంది. స్క్రీన్, కెమెరా, బిల్లింగ్, ఆఫీసు ప్రోగ్రాములు అన్నీ సబ్ సాకెట్లతో వింటాయి. కొత్తగా ఇంకో ప్రోగ్రాం వచ్చినా పోర్ట్ చదివే ప్రోగ్రాంని ముట్టుకోవాల్సిన పని లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ లైవ్ బరువు మెసేజ్ ఒకటి పోతే ఏమవుతుంది? ఏమీ కాదు, సెకనులో పదో వంతులో ఇంకోటి వస్తుంది. మరి పోకుండా ఆలస్యంగా వస్తే? అది ప్రమాదం. జీరోఎంక్యూలో క్యూకి హై వాటర్ మార్క్ అనే పరిమితి ఉంటుంది, డిఫాల్ట్‌గా 1000 మెసేజ్‌లు. స్క్రీన్ ప్రోగ్రాం ఏదో కారణంగా నెమ్మదించిందనుకోండి. సెకనుకి 10 చొప్పున వచ్చే మెసేజ్‌లు దాని క్యూలో పేరుకుంటాయి. 1000 మెసేజ్‌లంటే 100 సెకన్ల వెనకటి బరువు. పంపే వైపు కూడా ఇంకో క్యూ ఉంటుంది, అది వేరే. అంటే ముందు లారీ దిగిపోయి తర్వాతి లారీ ఎక్కినా స్క్రీన్ మీద పాత లారీ బరువే నడుస్తూ ఉండొచ్చు. ఒక్క మెసేజ్ కూడా పోలేదు, అన్నీ వరసలోనే వచ్చాయి, అయినా రైతు చూస్తున్నది అబద్ధం.

దీనికి జీరోఎంక్యూలో కాన్‌ఫ్లేట్ అనే ఆప్షన్ ఉంది. అది పెడితే క్యూలో చివరి మెసేజ్ ఒక్కటే మిగులుతుంది, పాతవి పోతాయి. కనెక్ట్ చేయడానికి ముందే పెట్టాలి, ఎక్కువ భాగాలున్న మెసేజ్‌లతో పనిచేయదు. కాబట్టి బరువు, సమయం, వరస నంబరు అన్నీ ఒకే ముక్కలో పెట్టి, లైవ్ బరువుకి విడిగా ఒక నెట్‌వర్క్ పోర్ట్ ఇచ్చాను. ఇంకా ఒక జాగ్రత్త: రెండు సెకన్లపాటు కొత్త బరువు రాకపోతే స్క్రీన్ అంకెలు తీసేసి గీతలు చూపించాలి. కేబుల్ ఊడిపోయినప్పుడు పాత బరువు అలాగే నిలిచి ఉండకూడదు. హింట్‌జెన్స్ గారు ఇలాంటి పరిస్థితికే ఇంకో పద్ధతి చెప్పి, దానికి ఆత్మహత్య చేసుకునే నత్త అని పేరు పెట్టారు. వెనకబడిపోయానని గమనించిన సబ్‌స్క్రైబర్ (వినే ప్రోగ్రాం) తప్పుడు సమాచారంతో కొనసాగడం మానేసి తనంతట తనే ఆగిపోతుంది. వినడానికి కఠినంగా ఉన్నా, డబ్బు లెక్కలున్న చోట అదే సరైన నడవడిక.

పబ్ సాకెట్‌కి ఇంకో గుణం ఉంది, తెలియనివాళ్లకు చాలా టెన్షన్ పెడుతుంది. క్యూ నిండితే అది చప్పుడు చేయకుండా మెసేజ్‌లు పారేస్తుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు. కొత్తగా చేరిన సబ్‌స్క్రైబర్‌కి కూడా, కనెక్షన్ కుదిరి, వింటానన్న కబురు పంపే ప్రోగ్రాంకి చేరేలోగా వెళ్లిపోయిన మెసేజ్‌లు అందవు. ఇది బగ్ అని ఫోరమ్‌లలో వాదించేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నేను ఒప్పుకోను. రేడియో పెట్టకముందు చదివిన వార్తలు వినపడలేదని ఆకాశవాణిని నిందించలేం కదా. పోయిందని తెలుసుకునే మార్గం మనం ఏర్పాటు చేసుకున్నామా అన్నదే అడగాల్సిన ప్రశ్న. బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ల (నోడ్‌ల) మీద నడిచే బిట్‌కాయిన్ కోర్ సాఫ్ట్‌వేర్ ఇదే పని చేస్తుంది. కొత్త బ్లాకు, కొత్త లావాదేవీ వచ్చినప్పుడు జీరోఎంక్యూ పబ్ సాకెట్ మీద చెప్తుంది. ప్రతి మెసేజ్ చివరా 4 బైట్ల వరస నంబరు పెడుతుంది. నంబర్లలో ఖాళీ కనిపిస్తే మధ్యలో ఏదో పోయిందని అర్థం, అప్పుడు వినేవాళ్లు నేరుగా నోడ్‌నే అడిగి తెలుసుకోవచ్చు. పోదని హామీ ఇవ్వకుండా, పోతే తెలిసేలా చేశారు. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది.

కాటా చీటీ సంగతి పూర్తిగా వేరు. చీటీ అంటే డబ్బు. ఒక్కటి పోయినా రైతుకి అన్యాయం, రెండుసార్లు పడితే మిల్లుకి నష్టం. దీన్ని పబ్ సాకెట్ మీద పంపడం నేరం లాంటిది. ఇక్కడే చాలామంది "అందుకే బ్రోకర్ కావాలి, అది డిస్క్ మీద దాస్తుంది" అంటారు. కాస్త ఆగి ఆలోచించండి. మన ప్రోగ్రాం చీటీ తయారుచేసి బ్రోకర్‌కి పంపేలోగా కరెంటు పోతే? బ్రోకర్ నుంచి తీసుకున్న ఆఫీసు ప్రోగ్రాం లెక్కల్లో రాసేలోగా ఆగిపోతే? బ్రోకర్ "అందింది" అన్నదంటే దాని డిస్క్ మీద పడిందని మాత్రమే అర్థం. చీటీ ఆఫీసు లెక్కలోకి ఎక్కిందన్న హామీ అది ఇవ్వలేదు, ఎందుకంటే ఆ సంగతి దానికి తెలియదు.

ఈ మాట కొత్తదేమీ కాదు. 1984లో సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ అనే ముగ్గురు ఎంఐటీ శాస్త్రవేత్తలు ఎండ్-టు-ఎండ్ వాదన పేరుతో ఇదే రాశారు. అందులో వాళ్ల సంస్థలోనే జరిగిన ఒక ఉదంతం ఉంది. అక్కడి నెట్‌వర్క్‌లను గేట్‌వే కంప్యూటర్లు కలిపేవి. ఒక్కో మజిలీలో డేటా సరిగ్గా వచ్చిందా అని చెక్‌సమ్‌తో (డేటా నుంచి లెక్కగట్టిన సరిచూపు అంకెతో) పరీక్ష జరిగేది. అది చాలనుకుని ప్రోగ్రామర్లు నిశ్చింతగా ఉన్నారు. ఒక గేట్‌వేలో మాత్రం లోపల ఒక బఫర్ (డేటా తాత్కాలికంగా ఉంచే మెమరీ) నుంచి ఇంకో బఫర్‌కి కాపీ అయ్యేటప్పుడు సుమారు 10 లక్షల బైట్లకు ఒకసారి రెండు బైట్లు తారుమారయ్యేవి. లోపలికి వచ్చేటప్పుడు పరీక్ష పాస్, బయటికి వెళ్లేటప్పుడు కొత్త చెక్‌సమ్, అదీ పాస్. ఆ దారిలో మళ్లీ మళ్లీ తిరిగిన ఒక ఆపరేటింగ్ సిస్టమ్ సోర్స్ ఫైళ్లు కొన్ని పాడయ్యాయి. చివరికి ఆ ఫైళ్ల సొంతదారులు పాత ప్రింటవుట్లు ముందు పెట్టుకుని వరస వరసా పోల్చి దిద్దుకోవాల్సి వచ్చింది. మధ్యలో ఎన్ని మజిలీలు ఎంత జాగ్రత్తగా ఉన్నా, చివర ఉన్న ఇద్దరూ సరిచూసుకోకపోతే పని పూర్తయినట్టు కాదన్నది వాళ్ల సారాంశం. 40 ఏళ్లు దాటినా మెసేజింగ్ గురించి ఇంతకంటే పనికొచ్చే మాట నాకు ఎక్కడా దొరకలేదు.

మిల్లులో చీటీ దారి ఇలా పెట్టాను. ఆపరేటర్ బటన్ నొక్కగానే చీటీ ముందు కాటా గది కంప్యూటర్‌లోనే ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో పడుతుంది. దానికి కాటా నంబరు, వరస నంబరు కలిపి ఒక గుర్తు ఉంటుంది, పక్కన "పంపలేదు" అన్న స్థితి ఉంటుంది. డేటాబేస్‌లో పడ్డాకే ప్రింటర్ నుంచి కాగితం వస్తుంది. తర్వాత వేరే ప్రోగ్రాం "పంపలేదు" అని ఉన్నవాటిని ఒక్కొక్కటిగా రిక్వెస్ట్ సాకెట్ మీద ఆఫీసుకి పంపుతుంది. ఆఫీసు ప్రోగ్రాం తన డేటాబేస్‌లో రాసుకుని, రాసుకున్నాకే "వచ్చింది" అని జవాబిస్తుంది. ఆ జవాబు చూశాకే ఇటు స్థితి మారుతుంది.

ఐదు సెకన్లలో జవాబు రాకపోతే ఆ సాకెట్ మూసేసి, కొత్తది తెరిచి, అదే చీటీ మళ్లీ పంపుతుంది. మూసి తెరవడం ఎందుకంటే, రిక్వెస్ట్ సాకెట్ జవాబు కోసం ఎదురుచూస్తూ అలాగే ఉండిపోతుంది. అవతలి కంప్యూటర్ మధ్యలో రీస్టార్ట్ అయి ఆ ప్రశ్న పోయినా దీనికి తెలియదు, ఇంకోటి పంపనివ్వదు. జీరోఎంక్యూని తిట్టే పోస్టుల్లో చాలా భాగం ఈ ఒక్క విషయం దగ్గరే పుడతాయి. ఇక ఆఫీసు నిజంగానే రాసుకుని జవాబు మాత్రమే దారిలో పోయి ఉంటే, రెండోసారి అదే గుర్తుతో వచ్చిన చీటీని డేటాబేస్ ఒప్పుకోదు. అది ముందే ఉందని చూసి ఆఫీసు ప్రోగ్రాం మళ్లీ "వచ్చింది" అంటుంది, అంతే. రెండుసార్లు పడే ప్రసక్తి లేదు.

దీంతో ఇంకో పెద్ద అభ్యంతరానికి కూడా జవాబు దొరికింది. జీరోఎంక్యూలో క్యూ ప్రోగ్రాం మెమరీలో ఉంటుంది, ఎన్ని మెసేజ్‌లు ఆగి ఉన్నాయో బయటి నుంచి చూడలేం, ప్రోగ్రాం చచ్చిపోతే క్యూ కూడా పోతుంది. రాబిట్‌ఎంక్యూలో అయితే బ్రౌజర్‌లో పేజీ తెరిస్తే అన్నీ కనిపిస్తాయి. ఇది నిజమైన లోటు, దీన్ని చిన్నది చేసి చెప్పను. కానీ ముఖ్యమైన మెసేజ్‌లన్నీ ముందు డేటాబేస్‌లో ఉన్నప్పుడు, ఎన్ని ఆగాయో చెప్పడానికి ఒక్క ఎస్‌క్యూఎల్ ప్రశ్న చాలు. కాటా గది స్క్రీన్ మూలన ఆ అంకె ఎప్పుడూ కనిపిస్తుంది. సున్నా కాకపోతే ఆపరేటర్ ఆఫీసుకి ఫోన్ చేస్తాడు.

ఇలా డేటాబేస్‌లో భద్రంగా ఉన్నందువల్ల లింగర్ అనే ఆప్షన్‌ని కూడా ధైర్యంగా సున్నా చేయొచ్చు. మార్చకపోతే, పంపాల్సిన మెసేజ్ మిగిలి ఉండగా ప్రోగ్రాం మూస్తే అది మూసుకోదు, అవతలివాళ్లు వస్తారని అలా వేలాడుతూ ఉంటుంది. ఆపరేటర్‌కి అది హ్యాంగ్ అయినట్టే కనిపిస్తుంది. ఇంకా, మామూలుగా వాడే ఈ సాకెట్లలో ఒకదాన్ని ఒక థ్రెడ్ (ప్రోగ్రాంలో విడిగా నడిచే పని వరస) మాత్రమే ముట్టుకోవాలి. బటన్ నొక్కిన థ్రెడ్ నుంచి, టైమర్ థ్రెడ్ నుంచి ఒకే సాకెట్‌ని వాడితే ఎప్పుడో ఒకసారి కూలిపోతుంది. కారణం పట్టుకోవడం చాలా కష్టం.

ఇదంతా చిన్న మిల్లుకి సరే, పెద్ద చోట్ల నడుస్తుందా అని అడుగుతారు. యూరప్‌లోని అణు పరిశోధన సంస్థ సెర్న్‌లో నడుస్తోంది. అక్కడ యాక్సిలరేటర్ల కంట్రోల్ సిస్టమ్‌లో ఏళ్లుగా ఉన్న, కార్బా అనే పాత ప్రమాణం మీద నడిచే మిడిల్‌వేర్‌ని (ప్రోగ్రాములను కలిపే సాఫ్ట్‌వేర్‌ని) మార్చాలనుకుని, 2011 ప్రాంతంలో చాలా రకాల సాఫ్ట్‌వేర్‌లను పోల్చి చూసి జీరోఎంక్యూని ఎంచుకున్నారు. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే, సెల్స్ అనే ముక్కల్లో కోడ్ రాసి అక్కడే ఫలితం చూసుకునే జూపిటర్ నోట్‌బుక్. హైదరాబాద్‌లో దానితో డేటా సైన్స్ నేర్చుకునే ప్రతి విద్యార్థీ రోజూ జీరోఎంక్యూ వాడుతున్నాడు, తెలియకుండానే. నోట్‌బుక్ వెనక కోడ్ నడిపే కెర్నల్‌కి ఐదు సాకెట్లు ఉంటాయి. కోడ్ పంపడానికి ఒకటి, ఫలితాలు ప్రకటించడానికి ఒకటి, యూజర్‌ని ఏదైనా అడగడానికి ఒకటి, ఆపమని చెప్పడానికి ఒకటి, బతికే ఉన్నావా అని అడగడానికి ఒకటి. ఆపమని చెప్పే సాకెట్ విడిగా ఎందుకు పెట్టారో ఒక్కసారి ఆలోచించండి. నడవాల్సిన సెల్స్ వరసలో పది ఉంటే, ఆపు అన్న మాట వాటి వెనక క్యూలో నిలబడకూడదు. ఒక్కో మెసేజ్‌కీ దాని అవసరాన్ని బట్టి దారి వేయడం అంటే ఇదే.

జూపిటర్ ఇంకో విషయం కూడా నేర్పుతుంది. జీరోఎంక్యూ మనం అడగకపోతే ఎవరినీ గుర్తుపట్టదు, దేనినీ ఎన్‌క్రిప్ట్ చేయదు. పోర్ట్ నంబరు తెలిస్తే ఎవరైనా కనెక్ట్ కావచ్చు. అందుకే జూపిటర్‌లో ప్రతి మెసేజ్‌కీ రహస్య తాళంతో చేసిన సంతకం ఉంటుంది, లేకపోతే ఒకే మెషీన్ వాడే ఇంకో యూజర్ మీ కెర్నల్‌లో తన కోడ్ నడిపించగలడు. మిల్లు ఆఫీసు వైఫై పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసో చెప్పలేం. చీటీల సాకెట్ మీద కర్వ్ భద్రత (జీరోఎంక్యూ సొంత ఎన్‌క్రిప్షన్, గుర్తింపు పద్ధతి) పెట్టకుండా ఉండటం తగదు. 2013లో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి అది లైబ్రరీలోనే ఉంది. రెండు వైపులా తాళాల జతలు తయారుచేసి ఇవ్వడమే పని.

ప్రాజెక్టు భవిష్యత్తు గురించి కూడా ఒక మాట. సుస్ట్రిక్ గారు బయటికి వెళ్లి నానోఎంఎస్‌జీ అనే ఇంకో లైబ్రరీ రాశారు, దాని తర్వాతి తరం ఎన్ఎన్‌జీ. హింట్‌జెన్స్ గారు 2016లో చనిపోయారు. అయినా జీరోఎంక్యూ ఆగలేదు. పాత లైసెన్స్ నుంచి ఎంపీఎల్ 2.0కి మారడానికి కోడ్ రాసినవాళ్ల అనుమతులు ఏళ్లపాటు సేకరించి, 2023లో 4.3.5 విడుదలతో ఆ పని పూర్తిచేశారు. కొత్త విడుదలలు అరుదే. నాకు అది లోపంగా అనిపించదు, ఇలాంటి లైబ్రరీ ప్రతి నెలా మారితేనే భయం.

ఎక్కడ బ్రోకర్ కావాలో కూడా స్పష్టంగా చెప్పాలి. ఒకరికొకరు తెలియని చాలా టీమ్‌లు ఒకే సమాచారాన్ని వాడుతుంటే, నిన్నటి మెసేజ్‌లను ఇవాళ మొదటి నుంచి మళ్లీ చదవాల్సి వస్తే, కాఫ్కా లాంటిదే సరైనది. అది మెసేజ్‌లను డిస్క్ మీద వరసగా పెట్టి, ఎవరు ఎక్కడిదాకా చదివారో గుర్తుపెట్టుకుంటుంది. ఆ పనిని జీరోఎంక్యూతో చేయబోతే చివరికి మనమే ఒక నాసిరకం కాఫ్కా రాసినట్టవుతుంది. అలాగే మొబైల్ నెట్‌వర్క్ మీద ఉన్న పరికరాలకు బ్రోకర్ ద్వారా నడిచే ఎంక్యూటీటీ అనే తేలికపాటి ప్రోటోకాల్ మేలు. 1999లో ఐబీఎంకి చెందిన ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్కామ్ కంపెనీ తరఫున ఆర్లెన్ నిప్పర్ కలిసి దాన్ని తయారుచేసింది శాటిలైట్ లింకుల మీద చమురు పైప్‌లైన్లను గమనించడానికి. తరచూ తెగే, ఖరీదైన కనెక్షన్లు దాని పుట్టుకలోనే ఉన్నాయి.

మిల్లులో ఇప్పుడు సరిగ్గా ఆ అవసరమే వచ్చింది. ఓనర్ గారి అబ్బాయి హైదరాబాద్‌లో ఉంటాడు, లోడ్ల వివరాలు ఫోన్‌లో చూడాలంటున్నాడు. మిల్లు కంప్యూటర్ల పోర్ట్‌లను ఇంటర్నెట్‌కి తెరవను. బయట ఒక చిన్న సర్వర్ మీద మస్కిటో అనే ఎంక్యూటీటీ బ్రోకర్ పెట్టి, మిల్లు నుంచి దానికి పంపే ఒక వంతెన ప్రోగ్రాం రాస్తున్నాను. లైవ్ బరువు ఐదు సెకన్లకు ఒకసారి చాలు, మధ్యలోవి పోయినా ఫర్వాలేదు. చివరి బరువుని బ్రోకర్ దాచి ఉంచేలా రిటైన్ పెడితే ఫోన్ తెరవగానే కనిపిస్తుంది, దాని పక్కన తీసిన సమయం కూడా వేయాలి. మిల్లు నెట్ పోతే "కనెక్షన్ లేదు" అని బ్రోకరే చెప్పేలా లాస్ట్ విల్ మెసేజ్ పెట్టాలి. చీటీలు మాత్రం అదే ఎస్‌క్యూలైట్ టేబుల్ నుంచే వెళ్తాయి, "బయటికి పంపామా" అన్న ఇంకో కాలమ్ చేర్చితే చాలు. యాసంగి కోతలు మొదలై లారీల రద్దీ పెరిగేలోగా ఇది నడవాలి.